ఒక ఇంజన్ ఆగినప్పుడు

(ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వర్ధంతి సందర్భంగా కోయిలకుంట్లలో చేసిన స్మారకోపన్యాసం)



1846 జూలైలో నరసింహారెడ్డి కొట్టిన కుంఫిణీ ట్రెజరీ ఈ ఊరిదే. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరితీసిందీ ఈ ఊళ్లోనే. ఆ సంగతులు నాకంటే మీకే బాగా తెలుసు. అందుకే నన్ను పిలవడానికి కుర్రవాళ్లు ఇంటికి వచ్చినప్పుడు, నేను విమానాల హ్యాంగర్‌లో మరమ్మతులు చేసి రిటైరైనవాణ్ణి, నాతో చరిత్ర ఏం చెప్పిస్తారయ్యా అన్నాను. "చరిత్ర చెప్పేటోళ్లు శానామంది ఉండారు సార్. రెడ్డి పేరు ఏర్‌పోర్టుకు పెట్టినారు గదా, ఆ విమానాల సంగతి చెప్పేటోళ్లే లేరు" అన్నారు. ఆ మాట కాదనలేకపోయాను.

ఓర్వకల్లు విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించి, దానికి నరసింహారెడ్డి పేరు పెట్టారు. అదే నెల 28 నుంచి విమానాలు మొదలయ్యాయి. రెండు వేల మీటర్ల రన్‌వే. వచ్చేవి ఎక్కువగా ఏటీఆర్ విమానాలు, అంటే రెక్కకు ఒకటి చొప్పున రెండు ఇంజన్లు, రెండు పంకాలు ఉన్నవి. బనగానపల్లె మీదుగా పాణ్యం చేరి, అక్కణ్ణుంచి హైవే పట్టుకుంటే మనకు అది పొద్దున వెళ్లి ఎక్కగలిగినంత దగ్గర. ఈ సభలో ఉన్నవాళ్లలో ఎంతోమంది పిల్లలు బెంగుళూరులోనూ అమెరికాలోనూ ఉన్నారు. విమానం ఇప్పుడు మన బంధువుల బండి అయిపోయింది. కాబట్టి అది ఎలా ఎగురుతుందన్నదే కాక, ఎందుకు కూలుతుందన్నదీ మనం తెలుసుకోవలసిన విషయమే.

తెలుగువాళ్లకు ఆకాశం చేసిన గాయాలు తక్కువేం కాదు. 2002 మార్చిలో కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి లోక్‌సభ స్పీకర్ బాలయోగి పోయారు. 2004 ఏప్రిల్ 17న బెంగుళూరు జక్కూరు నుంచి కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన చిన్న విమానం పైకి లేచిన కాసేపటికే కూలి నటి సౌందర్య పోయారు. 2009లో మన నల్లమలలో జరిగింది మీకు చెప్పనక్కర్లేదు. ప్రతిసారీ మనం చేసింది ఒకటే. ఏడ్చాం, విగ్రహాలు పెట్టుకున్నాం, తర్వాత కారణం ఏదో ఒకటి మనకు మనమే చెప్పుకున్నాం. ఇంజన్ ఫెయిలయ్యిందట, విమానం కూలిపోయిందట అని ఒక్క ఊపులో అనేస్తాం. ఇంజన్ చెడడానికీ విమానం కూలడానికీ మధ్య కొన్ని సెకన్లుంటాయి. ఇంజన్ చెడడానికి ముందు కొన్ని నెలలో, ఏళ్లో ఉంటాయి. మనుషులు బతకడమూ చావడమూ ఆ సెకన్లలోనూ ఆ ఏళ్లలోనూ తేలుతుంది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగతాదంతా దానికి సాక్ష్యం.

టేకాఫ్ లెక్క

రెండు ఇంజన్ల ప్రయాణికుల విమానానికి ఒక నియమం ఉంది. సరిగ్గా ఎగరబోయే సమయంలో ఒక ఇంజన్ ఆగిపోయినా, మిగిలిన దానితో పైకి లేచి, చుట్టూ తిరిగి వచ్చి దిగగలగాలి. ఆ పని చేసి చూపించందే దానికి ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి రాదు. ఒక్క ఇంజన్‌తో ఎంత ఎక్కాలో కూడా రాసిపెట్టారు. చక్రాలు లోపలికి ముడుచుకున్నాక, ప్రతి వంద మీటర్ల ముందడుగుకు కనీసం 2.4 మీటర్ల ఎత్తు. చూడ్డానికి అది చాలా తక్కువ. ఆ కొంచెం కోసమే రన్‌వే చివర ఎంత ఎత్తు చెట్టుంది, ఏ గుట్ట ఎంత దూరంలో ఉందన్నది కొలుస్తారు. మన మే నెల మధ్యాహ్నాల్లాంటి ఎండలో గాలి పలచబడుతుంది. రెక్కకు ఎత్తే బలం తక్కువ అందుతుంది, ఇంజన్‌కు బలం తగ్గుతుంది. అలాంటప్పుడు లెక్క కుదరకపోతే సామానో, కొందరు ప్రయాణికులనో దింపేస్తారు. కౌంటర్ దగ్గర గొడవపడే ముందు ఆ సంగతి ఒకసారి గుర్తుచేసుకోండి.

ప్రతి టేకాఫ్‌కూ ముందు పైలట్లు ఒక వేగం లెక్కకడతారు. దాన్ని వీ-వన్ అంటారు. ఏటీఆర్‌కు అది బరువును బట్టి గంటకు 200 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ వేగం రాకముందు ఇంజన్ చెడితే బ్రేకులు వేసి రన్‌వే మీదే ఆగాలి. ఆ వేగం దాటాక చెడితే ఆగే ఆలోచనే పెట్టుకోకూడదు, ఎగరాల్సిందే. అప్పుడు ఆగబోతే రన్‌వే చాలదు. "వీ-వన్" అన్న పిలుపు వినపడగానే కెప్టెన్ థ్రాటిళ్ల మీద నుంచి చెయ్యి తీసేస్తాడు. ఎందుకంటే భయంలో మనిషి చెయ్యి దానంతట అదే లివర్‌ను వెనక్కి లాగుతుంది. చెయ్యి అక్కడ లేకపోతే లాగడానికి వీలుండదు. మనిషి బలహీనత తెలిసినవాళ్లు పెట్టిన నియమమది.

ఇక గాల్లోకి లేచాక ఇంజన్ ఆగితే ఏమవుతుంది? జోడెద్దుల్లో ఒకటి మోకాళ్ల మీద కూలబడితే బండి ఆ ఎద్దు వైపుకే గిర్రున తిరుగుతుంది. బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు. విమానం కూడా ఆగిన ఇంజన్ వైపుకు ముక్కు తిప్పుతుంది. పైలట్ ఎదుటి వైపు పెడల్‌ను బలంగా తొక్కి దాన్ని నిటారుగా పట్టాలి. ఆగిన పంకా గాలికి తిరుగుతూ ఉంటే విమానాన్ని వెనక్కి లాగుతుంది. అందుకని దాని రెక్కలను గాలికి అంచు పెట్టేలా తిప్పేస్తారు. దాన్ని ఫెదర్ చెయ్యడం అంటారు. ఏటీఆర్‌లో ఆ పని యంత్రమే చేస్తుంది. ఇదంతా అయ్యేటప్పుడు పైలట్లకు నేర్పే మొదటి పాఠం ఏమీ చెయ్యకపోవడం. కనీసం 400 అడుగులు ఎక్కేదాకా విమానాన్ని నిటారుగా, వేగంగా ఉంచడం తప్ప ఇంకే లివర్ ముట్టుకోకూడదని చాలా సంస్థల పద్ధతి. ఆ తర్వాత ఏ ఇంజన్ చెడిందో ఇద్దరూ చూసి, ఇద్దరూ నోటితో అని, అప్పుడు దాన్ని ఆపాలి. ఆరు నెలలకొకసారి సిమ్యులేటర్‌లో ప్రతి పైలట్‌తోనూ దీన్ని చేయించి చూస్తారు.

రెండు పాత విమానాలు

ఈ నియమాలన్నీ పుట్టుకతో రాలేదు. ప్రతిదాని వెనకా చావులున్నాయి.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మన కర్నూలు రాజధాని అయింది. రెండున్నర నెలలు తిరక్కుండా, డిసెంబరు 12 రాత్రి, నాగపూర్‌లో మద్రాసుకు బయల్దేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ డకోటా కూలింది. అప్పట్లో దేశంలో ఒక గొప్ప ఏర్పాటు ఉండేది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నుంచి నాలుగు విమానాలు ఉత్తరాల మూటలతో, కొద్దిమంది ప్రయాణికులతో అర్ధరాత్రి నాగపూర్‌లో కలుసుకునేవి. మూటలు మార్చుకుని తెల్లవారేలోపు ఎక్కడివక్కడికి వెళ్లిపోయేవి. కొంతకాలం ఆ పని మన హైదరాబాదు కంపెనీ డెక్కన్ ఎయిర్‌వేస్ చేసింది. 1953లో ప్రైవేటు కంపెనీలన్నిటినీ కలిపి ప్రభుత్వ సంస్థ చేశారు. ఆ రాత్రి డకోటా లేచిన కొద్దిసేపటికే ఒక ఇంజన్ బలం పోయింది. విమానంలో ఉన్న 14 మందిలో 13 మంది చనిపోయారు. బతికింది పైలట్ ఒక్కడే. చనిపోయినవాళ్లలో కార్మిక నాయకుడు, పార్లమెంటు సభ్యుడు హరిహరనాథ్ శాస్త్రి ఉన్నారు.

డకోటా 1935లో తొలిసారి ఎగిరిన డిజైను. మంచి విమానమే. కానీ నేను ఇందాక చెప్పిన 2.4 మీటర్ల హామీ దానికి లేదు. చీకటి, నిండు బరువు, చక్రాలు ఇంకా పూర్తిగా ముడుచుకోని క్షణం. అలాంటప్పుడు ఒక ఇంజన్ పోతే, రెండోది మనిషిని ప్రమాదం జరిగే చోటికి చేర్చడానికి తప్ప పనికిరాదని అప్పటి పైలట్లు చేదుగా అనుకునేవారు. ఆ చేదు మాట అబద్ధం కావాలనే తర్వాతి నియమాలు వచ్చాయి.

రెండోది 1976 అక్టోబరు 12 నాటిది. బొంబాయి శాంతాక్రజ్ నుంచి మద్రాసుకు ఇండియన్ ఎయిర్‌లైన్స్ 171వ నంబరు విమానం. అసలు వెళ్లాల్సిన బోయింగ్‌లో లోపం వచ్చిందని ఫ్రెంచి కారవెల్ విమానాన్ని తెచ్చారు. తెలుగు సినిమా కూడా అప్పుడు మద్రాసులోనే ఉండేది కాబట్టి ఆ దారి మనవాళ్లకూ బాగా అలవాటు. విమానం లేచిన వెంటనే కుడి ఇంజన్ చెడింది. పైలట్లు తిప్పి వెనక్కి తెచ్చారు, రన్‌వే కనిపించే దూరానికి వచ్చారు కూడా. కానీ దిగలేకపోయారు. లోపలున్న 95 మందీ చనిపోయారు. వారిలో మలయాళ నటి రాణీచంద్ర ఉన్నారు.

ఒక ఇంజన్ ఆగితే రెండోదానితో తిరిగి రాగలరని కదా ఇప్పటిదాకా చెప్పాను. మరి వీళ్లెందుకు రాలేకపోయారు? ఇక్కడ ఇంజన్ ఊరికే ఆగలేదు, లోపల పగిలింది. గాలిని అదిమే భాగంలో వరసగా పళ్లేల్లాంటి లోహపు డిస్కులుంటాయి. వాటిలో పదో డిస్కు విరిగింది. నిమిషానికి వేల చుట్లు తిరిగే లోహం ముక్కలై ఇంజన్ తొడుగును చీల్చుకుని బయటికి వచ్చింది. ఇంధనం గొట్టాలు తెగాయి, మంటలు లేచాయి. ఆ మంటల్లో విమానాన్ని తిప్పే హైడ్రాలిక్ నూనె పోయింది. పైలట్ చేతిలో స్టీరింగు ఉంది, దాని మాట వినే రెక్క లేదు.

ఆ డిస్కు ఆ రోజే విరగలేదు. ఇంజన్ స్టార్టయిన ప్రతిసారీ లోహం వేడెక్కి సాగుతుంది, ఆపిన ప్రతిసారీ చల్లబడి ముడుచుకుంటుంది. వేలసార్లు అలా జరిగితే ఎక్కడో కంటికి ఆనని చీలిక పుడుతుంది. దాన్నే లోహం అలసట అంటాం. అందుకే ఇప్పుడు ప్రతి డిస్కుకూ ఆయుష్షు రాసి ఉంటుంది, ఇన్ని స్టార్టులు అని. అది నిండితే డిస్కు నిగనిగలాడుతున్నా పక్కన పడెయ్యాల్సిందే.

హ్యాంగర్‌లో

ఇక్కడ నా వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పుకోనివ్వండి.

ఇంజన్ లోపల చూడడానికి బోరోస్కోప్ అని ఒకటుంది. వేలంత సన్నని గొట్టం, చివర కెమెరా, దీపం. ఇంజన్ పక్కనున్న చిన్న మూత విప్పి దాన్ని లోపలికి పంపిస్తాం. ఒకడు బయట రోటర్‌ను చేత్తో మెల్లగా తిప్పుతుంటాడు. రెండోవాడు తెర మీద ఒక్కో బ్లేడు వస్తుంటే అంచు నుంచి మొదలు దాకా చూస్తాడు. బ్లేడుకు నంబరు పెట్టి, గాటు కనిపిస్తే కొలుస్తాడు. మాన్యువల్‌లో రాసిన హద్దుకు లోపుంటే వదలాలి, దాటితే ఇంజన్ దించాలి. ఇంజన్ దించడమంటే ఆ విమానం ఆ పూట పోదు. మేనేజరు వచ్చి వెనక నిలబడతాడు. నోటితో ఏమీ అనడు, గడియారం చూసుకుంటాడు. గాటు హద్దు మీదే ఉంది, అటా ఇటా? మా ఉద్యోగం మొత్తం ఆ ఒక్క ప్రశ్నే.

పనిముట్ల పలక ఇంకొకటి. ప్రతి స్పానర్‌కూ దాని ఆకారంలోనే ఒక గూడు గీసి ఉంటుంది. షిఫ్టు దిగేటప్పుడు ఒక్క గూడు ఖాళీగా కనిపించినా విమానం కదలకూడదు. అది దొరికేదాకా అందరూ మోకాళ్ల మీద పాకాల్సిందే. దొరకనప్పుడు "అది నేను వాడాను, ఎక్కడ పెట్టానో గుర్తులేదు" అని చేయెత్తగలిగిన కుర్రాడు ఆ హ్యాంగర్‌లో అందరికంటే విలువైనవాడు. వాణ్ణి తిట్టామా, మరుసటిసారి ఎవడూ చేయెత్తడు.

హ్యాంగర్‌లో తీసే అడ్డదారి ఎంత దూరం పోతుందో 1979 మే 25న చికాగోలో చూశాం. అమెరికన్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 నేల విడుస్తుండగా ఎడమ ఇంజన్ ఊడి రెక్క మీదుగా వెనక్కి ఎగిరిపడింది. విమానంలో 271 మంది, నేల మీద ఇద్దరు చనిపోయారు. ఇంజన్‌నూ, దాన్ని రెక్కకు తగిలించే పైలాన్‌నూ వేరువేరుగా విప్పాలన్నది తయారీదారు చెప్పిన పద్ధతి. పని గంటలు ఆదా అవుతాయని రెండిటినీ కలిపి ఫోర్క్‌లిఫ్టుతో దించి ఎక్కించారు. ఆ ఒత్తిడికి పైలాన్ వెనక భాగంలో పగులు పట్టింది. కూలడానికి వారాల ముందే ఆ పగులు అక్కడ ఉంది. కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లు అలాంటప్పుడు ఏం చెయ్యాలని నేర్చుకున్నారో అదే చేశారు. ఊడిన ఇంజన్ రెక్క ముందు అంచును కదిలించే గొట్టాలను కూడా తెంపుకుపోయిందని వాళ్లకు తెలిసే దారి లేదు.

తైపీ, 2015

ఇప్పటిదాకా చెప్పినవి ఇంజన్ చెడడానికి ముందు జరిగిన కథలు. చెడిన తర్వాతి కథకు తైవాన్ వెళ్దాం. ఓర్వకల్లుకు వచ్చే రకం విమానమే, ఏటీఆర్ 72. 2015 ఫిబ్రవరి 4న ట్రాన్స్‌ఏషియా 235వ నంబరు విమానం 58 మందితో తైపీ నుంచి కిన్‌మెన్ దీవికి బయల్దేరింది. ఎక్కుతుండగా కుడి ఇంజన్ పంకా దానంతట అదే ఫెదర్ అయింది. కారణం ఎలక్ట్రానిక్ పెట్టెలో చెడిపోయిన ఒక అతుకు. నిజానికి ఆ ఇంజన్ బాగానే ఉంది. యంత్రం పొరపాటుపడి దాని పంకాను పక్కకు పెట్టింది. అయినా ఫర్వాలేదు. ఎడమ ఇంజన్ పూర్తి బలంతో ఉంది. విమానం ఎక్కుతూనే ఉంది.

హెచ్చరిక మోగిన కొద్ది సెకన్లకే కెప్టెన్ ఒకటో ఇంజన్ థ్రాటిల్ వెనక్కి లాగుతానన్నాడు. ఒకటోది ఎడమది, బాగున్నది. ఆగండి, సరిచూద్దాం అని పక్కనున్న పైలట్ అన్నాడు. ఆ మాట గాల్లో కలిసింది. ఎడమ ఇంజన్ బలం తగ్గుతూ పోయింది, చివరికి దాన్నే ఆపేశారు. 1,630 అడుగుల దాకా ఎక్కిన విమానం దిగడం మొదలుపెట్టింది. తాను లాగింది వేరే థ్రాటిల్ అని కెప్టెన్‌కు తట్టేసరికి ఇంకో పది సెకన్లు కూడా మిగల్లేదు. రెక్క ఒక ఫ్లైఓవర్‌ను, దాని మీద పోతున్న టాక్సీని కొట్టుకుని విమానం కీలుంగ్ నదిలో పడింది. 43 మంది చనిపోయారు, 15 మంది బతికారు. హెచ్చరిక మోగినప్పటి నుంచి నదిలో పడేదాకా మొత్తం రెండు నిమిషాలు.

దర్యాప్తులో ఇంకొకటి బయటపడింది. ఏడాది లోపలే సిమ్యులేటర్ పరీక్షలో ఆ కెప్టెన్ ఒకసారి తప్పి, మళ్లీ పరీక్ష పెడితే గట్టెక్కాడు. తర్వాతి శిక్షణలో కూడా, టేకాఫ్‌లో ఇంజన్ పోయినప్పుడు తడబడుతున్నాడని శిక్షకుడు కాగితం మీద రాశాడు. రాసిన కాగితం ఫైలులో భద్రంగా ఉంది. దాన్ని చదివి ఇంకొన్నాళ్లు నేర్పిద్దామన్నవాళ్లు లేకపోయారు. ఇలాంటి కాగితాలు మన ఆఫీసుల్లో ఎన్ని ఉన్నాయో మీరే ఆలోచించండి.

నాకు ఆ రెండో పైలట్ మాట మరీ మరీ గుర్తొస్తుంది. సరిచూద్దాం అన్నాడు, కానీ చెయ్యి పట్టుకుని ఆపలేదు. మన సమాజంలో ఇది ఇంకా కష్టం. పెద్దాయన తప్పు చేస్తున్నాడని తెలిసినా "సార్, అదీ..." అని నసుగుతాం. అందుకే పైలట్లకు ఇప్పుడు క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అని ప్రత్యేకంగా నేర్పిస్తారు. చిన్నవాడు గట్టిగా చెప్పడం, పెద్దవాడు చెవిపెట్టడం, రెండూ అందులో పాఠాలే. చిన్నవాడికి నేర్పడం తేలిక. పెద్దవాడికి నేర్పడానికే ఏళ్లు పడుతుంది.

నల్లమల

ఇప్పుడు మన ఇంటి విషయానికొస్తాను. 2009 సెప్టెంబరు 2 ఉదయం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు రచ్చబండ కోసం బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బెల్ 430 హెలికాప్టర్‌లో బయల్దేరారు. తొమ్మిదిన్నర కాకముందే జాడ తెలియలేదు. ఆ పగలూ రాత్రీ ఈ జిల్లాలో ఎవరూ సరిగా అన్నం తినలేదు. మర్నాడు పొద్దున పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. ఆయనతో పాటు కార్యదర్శి సుబ్రహ్మణ్యం, భద్రతాధికారి వెస్లీ, పైలట్లు భాటియా, ఎం.ఎస్. రెడ్డి చనిపోయారు.

అది టేకాఫ్ ప్రమాదం కాదు, ఇంజన్ ఆగి జరిగిందీ కాదు. అయినా ఎందుకు చెప్తున్నానంటే, ఆర్.కె. త్యాగి అధ్యక్షతన వేసిన దర్యాప్తు కమిటీ చెప్పిన విషయం తైపీ విషయానికి అన్నలాంటిది. ఇంజన్ల శక్తిని పై పంకాకు అందించే గేర్‌బాక్స్‌లో నూనె ఒత్తిడి గురించి ఒక హెచ్చరిక వచ్చింది. పైలట్లు దాదాపు ఆరు నిమిషాలు దానికి విరుగుడు వెతకడంలో, చెక్‌లిస్టు పేజీలు తిప్పడంలో పడిపోయారు. అదే సమయంలో హెలికాప్టర్ నల్లమల మీది పెద్ద ఉరుముల మబ్బులోకి పోతోంది. ఆ మబ్బులో కిందికి తోసే గాలి ఉధృతికి అది అదుపు తప్పి గుట్టను కొట్టుకుంది. వెలిగిన దీపం ప్రాణాలు తియ్యలేదు. దాని మీదే కళ్లుండిపోయి బయట కమ్ముకొస్తున్నది చూడలేకపోవడం తీసింది. 1972 డిసెంబరులో అమెరికాలోని ఫ్లారిడా చిత్తడి నేలల్లో వందమంది దాకా ఇలాగే పోయారు. మాడిపోయిన ఒక చిన్న బల్బు దగ్గర కాక్‌పిట్‌లో అందరూ మూగితే, విమానం మెల్లగా దిగిపోతున్నదని ఎవరూ గమనించలేదు.

ఆ కమిటీ నివేదికను ఈ జిల్లాలో ఎందరు చదివారు? కుట్ర అన్నవాళ్ల మాటలు మాత్రం ప్రతి టీకొట్టు దగ్గరా విన్నాం. తప్పు మనది మాత్రమే అనను. నివేదిక ఇంగ్లీషులో ఉంది, పుకారు తెలుగులో ఉంది.

అహ్మదాబాద్

2025 జూన్ 12 మధ్యాహ్నం అహ్మదాబాద్ నుంచి లండన్ గాట్విక్‌కు బయల్దేరిన ఎయిరిండియా 171 గురించి అందరికీ తెలుసు. బొంబాయి కారవెల్ నంబరు కూడా 171 అని, ఆ అంకెలోనే కీడుందని వాట్సాప్‌లో తిరిగింది. అంకెలకు ఏ కీడూ ఉండదు. 242 మందిలో 241 మంది, కింద బీజే మెడికల్ కాలేజీ హాస్టల్లో, ఆ చుట్టుపక్కల 19 మంది, మొత్తం 260 మంది చనిపోయారు. పౌరవిమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు కావడంతో తెలుగు టీవీలన్నీ రాత్రింబవళ్లు దాని గురించే మాట్లాడాయి.

విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ జూలై 12న ఇచ్చిన ప్రాథమిక నివేదికలో గడియారం చూడండి. మధ్యాహ్నం 1 గంట 38 నిమిషాల 39 సెకన్లకు చక్రాలు నేల విడిచాయి. కొద్ది సెకన్లలోనే రెండు ఇంజన్లకూ ఇంధనం అందించే స్విచ్చులు, ఒకదాని వెనక ఒకటి సెకను తేడాతో, ఆపే స్థానానికి వచ్చాయి. ఎందుకు ఆపావని ఒక పైలట్ అడగడం, నేను ఆపలేదని రెండోవాడు అనడం రికార్డయింది. పదిహేను సెకన్ల లోపు రెండు స్విచ్చులూ తిరిగి నడిచే స్థానానికి వచ్చాయి. ఇంజన్లు మళ్లీ అందుకోవడం మొదలుపెట్టాయి. అప్పటికి ఎత్తు చాలలేదు. 1:39:11కు రికార్డు ఆగింది. నేల విడిచినప్పటి నుంచి 32 సెకన్లు.

ఆ నివేదిక కారణం తేల్చలేదు, ఎవరినీ నిందించనూ లేదు. అది రాసిన పద్ధతే అది. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ప్రమాద దర్యాప్తు లక్ష్యం ఒక్కటే, మళ్లీ జరగకుండా చూడడం. శిక్ష వెయ్యడం కోర్టుల పని. ఆ రెంటినీ వేరుగా ఉంచకపోతే, ఇందాక చెప్పిన స్పానర్ కుర్రాడు ఇంకెప్పుడూ చేయెత్తడు. టీవీలో మాత్రం వారం తిరక్కుండానే తీర్పులు వచ్చేశాయి. చనిపోయి, తమ మాట చెప్పుకోలేని ఇద్దరు పైలట్ల ఇళ్ల ముందు కెమెరాలు నిలబడ్డాయి.

మనం చెయ్యగలిగింది

ఇదంతా పైలట్లకూ ఇంజనీర్లకూ సంబంధించింది, మాకేమిటి అని మీరనవచ్చు. చెప్తాను.

మొదటిది చెత్త. ఇంజన్‌లోకి పక్షి దూరితే బ్లేడ్లు వంగుతాయి. 2009 జనవరి 15న న్యూయార్కులో బాతుల గుంపు తగిలి ఎయిర్‌బస్ రెండు ఇంజన్లూ పోయాయి. హడ్సన్ నదిలో దించి 155 మందినీ కాపాడగలిగారు. ఓర్వకల్లు పక్కన హడ్సన్ లేదు, బండలున్నాయి. విమానాశ్రయం చుట్టూ పది కిలోమీటర్ల లోపల గద్దలూ రాబందులూ మూగేలా చెత్త పారెయ్యకూడదని, బయట పశువులను కొయ్యకూడదని చట్టంలో ఎప్పటినుంచో ఉంది. కోళ్ల వ్యర్థాలు హైవే పక్కన కుప్పపోసేవాణ్ణి ఆపడానికి పైలట్ లైసెన్సు అక్కర్లేదు, పంచాయతీ చాలు.

రెండోది మన పని. ఈ సభలో కరెంటు లైన్‌మెన్ ఉన్నారు, బస్సు డ్రైవర్లున్నారు, ఆస్పత్రి నర్సులున్నారు, నాపరాళ్ల గనుల్లో పనిచేసేవాళ్లున్నారు. మీ అందరి దగ్గరా ఒక హద్దు ఉంది, ఆ హద్దు మీద ఒక గాటు ఉంది, వెనక గడియారం చూసుకునే మేనేజరున్నాడు. చేయెత్తి ఆగండి అన్నవాణ్ణి మన ఊళ్లో పనికిమాలినవాడంటారా, పనిమంతుడంటారా అన్నది మీరు తేల్చుకోవాలి. విమానయానం గత డెబ్భై ఏళ్లలో ఇంత భద్రంగా మారింది కొత్త లోహాల వల్లే కాదు, ఆ చేతికి విలువ ఇవ్వడం నేర్చుకున్నందువల్ల కూడా.

మూడోది ఈ సభ నిర్వాహకులకు నా విన్నపం. వర్ధంతి అంటే దండ వేసి దిగిపోవడంతో సరిపెట్టవద్దు. ప్రమాదంలో పోయినవాళ్లకు చెయ్యగలిగిన అసలు మర్యాద, వాళ్లు ఎందుకు పోయారో తప్పుల్లేకుండా తెలుసుకోవడం. దర్యాప్తు నివేదికలు ఇంటర్నెట్లో ఊరికే దొరుకుతాయి. ఇంటర్ చదువుకున్నవాళ్లకు అర్థమయ్యే ఇంగ్లీషే. వచ్చే ఏడాది ఈ రోజున, ఈ వేదిక మీద, నాలాంటి ముసలివాడి బదులు మన కాలేజీ విద్యార్థులు ఇద్దరు నిలబడి ఒక్కో నివేదికను తెలుగులో చెప్పాలి. మొదటివారికి తైపీది, రెండోవారికి నల్లమలది ఇవ్వండి. అర్థంకాని పదాలుంటే నా దగ్గరికి పంపండి, కూర్చుని చెప్తాను. అచ్చు ఖర్చు కూడా నాదే.